చదరాల బీరువాలో మూడో సొరుగు

అద్దకం మిల్లులో నమూనాల గది ఎక్కడని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. సొరుగులక్క ఎక్కడని అడిగితే మాత్రం గేటు దగ్గర కాపలావాడి నుంచి మేనేజరు దాకా ఒకటే చెబుతారు: మెట్లెక్కి ఎడమ పక్కకి తిరగండి, తలుపు తోసేముందు చేతులు తుడుచుకోండి, ఏ సొరుగూ ముట్టుకోకండి. ఆఖరి మాట అంత గట్టిగా ఎందుకు చెబుతారంటే, ముట్టుకుని చీవాట్లు తినని వాళ్ళు మిల్లులో ఎవరూ లేరు కనక.

ఆవిడ పని చెప్పడానికి తేలిక. మిల్లులో ఏ కొత్త అచ్చు వేసినా మూరెడు గుడ్డ ఆ గదికి పంపాలి. ఆవిడ అందులోంచి జానెడు ముక్క కత్తిరించి దాచాలి. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఎవరో ఒకరు వెలిసిపోయిన కర్టెను ముక్క పట్టుకొచ్చి, "ఇలాంటిది వద్దు, ఇదే కావాలి" అని కూర్చుంటారు. అప్పుడు తొమ్మిది వేల ముక్కల్లోంచి ఆ ఒక్కటీ తీసివ్వాలి. వచ్చినవాళ్ళకి ఇచ్చిన టీ చల్లారే లోపల తీసిచ్చేది. వాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూస్తుంటే ఆవిడకి లోపల బాగానే ఉండేది గానీ పైకి మాత్రం, "ఇందులో ఏముందండీ" అనేది. ఆ "ఏముందండీ" వెనక ఎంత గర్వం ఉందో రంగుల గదిలో పనిచేసే వాళ్ళాయనకి బాగా తెలుసు.

ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ గదిని ఒక ముసలి గుమాస్తా చూసేవాడు. ఆయన ముక్కల్ని బొమ్మల్ని బట్టి దాచేవాడు. పువ్వులు ఒక అలమార, ఆకులు ఒకటి, పిట్టలు ఒకటి. చూడ్డానికి బానే ఉంటుంది, వెతకబోతేనే చుక్కలు కనపడతాయి. ఒకడికి చేమంతిలా కనపడింది ఇంకొకడికి పొద్దుతిరుగుడు. పిట్ట నోట్లో ఆకుంటే అది పిట్టా, ఆకా? ముసలాయన రోజుకి సగం పూట ఈ తగువే తనతో తనే పెట్టుకునేవాడు. ఆయన ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాక ఆవిడ ఆ అలమారల్లోని ముక్కలన్నీ కింద పోయించి, నేల మీద కూర్చుని, బొమ్మ ఏమిటన్నది పూర్తిగా మరిచిపోయి, అది మళ్ళీ మళ్ళీ ఎలా వస్తోంది అన్నదొక్కటే చూడ్డం మొదలుపెట్టింది. పువ్వు పేరు మీద ఇద్దరు తగువు పడొచ్చు. బొమ్మని తిప్పితే దాని మీద అదే కలిసిందా లేదా అన్నదాని మీద తగువేముంటుంది?

ముందు గుడ్డ మీద ఒక చోటు ఎంచుకునేది. ఆకు కొస అనుకుందాం. అచ్చం అలాంటి ఆకు కొస, చుట్టూ అచ్చం అదే పరిసరంతో ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా పైన పరిచిన పల్చటి కాగితం మీద చుక్క పెట్టేది. తర్వాత గుడ్డ లాగేసి ఉత్త చుక్కల్ని చూసేది. గుడ్డలు వేల రకాలు గానీ చుక్కలు నిలబడే తీరు అయిదు రకాలే. అయిదింటికీ తనే పేర్లు పెట్టుకుంది. వరసలు ఏ కొలతా కలవకుండా ఏటవాలుగా సాగితే వాలు. నిలువు ఒక కొలతా అడ్డం ఒక కొలతా అయితే పలక. ఒక వరసకీ పై వరసకీ సగం జరిగి, గోడలో ఇటుకల్లా ఉంటే ఇటుక. నాలుగు పక్కలా సమానమైతే చదరం. ఆరు వైపులా సమానంగా ఉంటే తేనెపట్టు. ఇలా అయిదు తేలాయి గనక అయిదు బీరువాలు కావాలంది.

బీరువాలు చేసిచ్చింది వాళ్ళ అన్నయ్య. అన్నయ్య ఆ మిల్లులోనే అచ్చులు చెక్కేవాళ్ళకి పెద్ద. చెల్లెలికి ఆ ఉద్యోగం వచ్చింది కూడా ఆయన మాట మీదే. చెక్క తనే ఎంచాడు, రంపం తనే పట్టాడు, ఏ బీరువాకి ఎన్ని సొరుగులో చెల్లెలు కాగితం మీద రాసిస్తే అలాగే చేశాడు. వాలుకి రెండు, పలకకి అయిదు, ఇటుకకి రెండు, తేనెపట్టుకి అయిదు. చదరాలకి రెండు చాలంది. ఆయన మూడు చేసి తెచ్చాడు.

"రెండన్నాను కదా అన్నయ్యా."

"రెంటితో బీరువా మరీ పొట్టిగా ఉందే. ఉండనీ, ఏదో ఒకటి వస్తుందిలే పెట్టుకోడానికి."

వచ్చిందేమిటంటే ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా. దాని పక్కన కళ్ళజోడు పెట్టె, ఒక దువ్వెన.

ఒక్కో బీరువాలోనూ సొరుగులెందుకంటే, చుక్కలు ఒకే తీరుగా ఉన్నా వాటి మీద కూర్చున్న బొమ్మలు వేరుగా ప్రవర్తిస్తాయి. దీనికి ఆవిడ దగ్గర రెండే పనిముట్లు ఉండేవి. ఒకటి గుండుసూది. పల్చటి కాగితం మీద బొమ్మ దించుకుని, దాన్ని గుడ్డ మీద పరిచి, ఒక చోట సూది గుచ్చి కాగితాన్ని తిప్పాలి. సగం తిరిగితే కలుస్తుందా, మూడో వంతుకా, పావుకా, ఆరో వంతుకా? అయిదో వంతుకి మాత్రం ఏ గుడ్డా కలవదు. అయిదు రేకుల పువ్వుండొచ్చు, పువ్వు వరకూ కలుస్తుంది, గుడ్డ మొత్తం కలవదు. ఒక మేనేజరు అయిదో వంతు తిరిగే గుడ్డ కావాలని రెండు వారాలు పట్టుబట్టి ముగ్గురు చిత్రకారుల ప్రాణం తీశాడు. ఆవిడ ఆ రెండు వారాలూ ఊరుకుని తర్వాత ఆయన బల్ల మీద, అయిదు పక్కలూ అయిదు మూలలూ సమానంగా ఉన్న కాగితపు ముక్కలు ఒక గుప్పెడు పోసి, "సందు లేకుండా పేర్చండి సార్, చూస్తాను" అని వచ్చేసింది.

రెండో పనిముట్టు చట్రం లేని చిన్న అద్దం. ముసలి గుమాస్తా పోతూ పోతూ ఇచ్చిన ఆస్తి అదొక్కటే. పువ్వు నడిమధ్యన నిలబెట్టి చూస్తే, అద్దంలో కనపడే సగం గుడ్డ మీద ఉన్న రెండో సగంతో సరిపోవాలి. సరిపోతే అద్దం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంకో రకం ఉంది, ఆవిడ దాన్ని జారుడు అనేది. తడికాళ్ళతో గచ్చు మీద నడిస్తే కుడిపాదం ఎడమపాదం ముందూ వెనకా పడతాయి చూడండి, అలా బొమ్మ తిరగబడి కాస్త ముందుకు జారి పడుతుంది. వాళ్ళాయన దీని మీద వేళాకోళాలాడేవాడు. "నన్ను చేసుకోక ముందు నా ముక్కు మీద ఆ అద్దం పెట్టి చూసుంటే ఈవిడ ఒప్పుకునేదే కాదు" అని తన వంకర ముక్కు నలుగురికీ చూపించేవాడు.

ముసలాయన ఆవిడకి రెండు నియమాలు నేర్పాడు. ముక్క కత్తిరించేటప్పుడు పువ్వు సరిగ్గా నడుమకి రావాలి. అద్దం ఎప్పుడూ పువ్వు నడుమే పెట్టాలి. ఈ రెండూ ఆవిడ పాతికేళ్ళు తు.చ. తప్పకుండా పాటించింది. అదే కొంప ముంచింది.

ఇరవై ఒక్కేళ్ళ కిందటి మాట. చిత్రకారులు గీసిచ్చింది చెక్కడమే తప్ప అన్నయ్య అప్పటిదాకా సొంతంగా ఏ అచ్చూ చెయ్యలేదు. ఆ ఏడు మొదటిసారి తన బుర్రలోంచి ఒకటి తీశాడు. గుండ్రటి సుడి పువ్వు, అరచేతంత. రేకులన్నీ ఒక పక్కకి వంగి, తిరుగుతున్నట్టు ఉంటుంది. ఒక్క అచ్చులో నాలుగు పువ్వులు, రెండు వరసలుగా. అందులో రెండు కుడికి తిరుగుతాయి, రెండు ఎడమకి. ఎటు చూసినా కుడి పువ్వు పక్కన ఎడమ పువ్వే. గుడ్డ మీద వేయించి, నియమం ప్రకారం మూరెడు చెల్లెలి గదికి పంపాడు.

మేనేజరు ఆ గుడ్డని చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. "ఇది సరిగ్గానే ఉందంటావా అమ్మా? నాకేదో తేడాగా ఉంది."

ఆవిడ ఎప్పటిలాగే పువ్వు నడుమకి వచ్చేలా జానెడు ముక్క కత్తిరించి, సూది గుచ్చి కాగితం తిప్పింది. పావుకి కలిసింది. చదరాల బీరువా అన్నమాట. అక్కడ ఆగి ఇంకాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. ఆ బీరువాలో మొదటి సొరుగు సుడి: అందులో పువ్వులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. రెండోది అద్దం: అందులో పువ్వు నడుమ అద్దం పెడితే సరిపోతుంది. ఈ ముక్క మధ్య పువ్వు కుడికి తిరుగుతోంది, అంచుల్లో సగం సగం తెగిన నాలుగు పువ్వులూ ఎడమకి. నడుమ అద్దం పెట్టింది, సరిపోలేదు. సుడి కాదు, అద్దమూ కాదు. మరి ఏమిటి?

అచ్చులు చెక్కేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. అచ్చు మీద ఎడమన ఉన్నది గుడ్డ మీద కుడికి పడుతుంది. అందుకని గీసిన కాగితాన్ని బోర్లించి చెక్కకి అంటించి చెక్కుతారు. బోర్లించడం మరిచిపోతే పువ్వు తిరగబడుతుంది. పనిలో కొత్తగా చేరినవాళ్ళు ఆ తప్పు చేసి తిట్లు తింటుంటారు. ఆవిడకి చటుక్కున అదే తట్టింది. నాలుగు పువ్వుల్లో రెండు కాగితాలు బోర్లించడం మరిచిపోయి ఉంటాడు.

అన్నయ్యని పిలిపించారు. ఆయన మెట్లెక్కి వచ్చి, నలుగురి ముందూ నిలబడి, ఒకటే మాట చెప్పాడు. "కింద యంత్రం దగ్గర పళ్ళ చక్రాలు చూడండి. ఒకటి కుడికి తిరిగితే దాన్ని ఆనుకున్నది ఎడమకి తిరుగుతుంది. రెండూ ఒకే వైపు తిరిగితే పళ్ళు విరుగుతాయి. ఇదీ అంతే." అందరూ నవ్వారు. గుడ్డకి పళ్ళేమిటని మేనేజరు అన్నాడు. చెల్లెలు నవ్వలేదు. నవ్వకుండా రిజిస్టరు తీసి, ఆ ముక్కని పేజీకి గుచ్చి, కింద ఎర్ర సిరాతో గుండ్రటి అక్షరాలతో రాసింది: రెండు పువ్వులు తిరగేసి చెక్కినవి. పనికిరాదు.

అంతకంటే ఏమీ జరగలేదు. ఉద్యోగం పోలేదు, ఎవరూ ఎవరినీ అనరాని మాట అనలేదు. నెల తిరక్కుండా అన్నయ్య కొత్త అచ్చులు వదిలేసి వెనకవైపు రేకుల షెడ్డులో పాత అచ్చుల మరమ్మతుకి మారాడు. పగుళ్ళు పూడ్చడం, అరిగిన అంచులు సవరించడం. ఇరవై ఒక్కేళ్ళుగా అదే పని. సెలవురోజుల్లో రెండు కుటుంబాలూ కలిసే భోంచేసేవి. వదిన, ఆవిడ ఒకరి చీరలొకరు కట్టుకునేవాళ్ళు. కానీ ఆయన ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేదు. చెల్లెలితో పనుంటే కిందనుంచి కబురు పంపేవాడు. ఆవిడ దానికి రోషమని పేరు పెట్టుకుంది. పనిలో తప్పు తప్పే, అన్నయ్యయినా అంతే, ఇందులో నేను చేసిందేముంది అని మొదట్లో అనుకునేది. అలా అనుకున్న ప్రతిసారీ ఆ రోజు సరిగ్గా అన్నం తినేది కాదు.

ఇప్పుడు అన్నయ్య ఉద్యోగం ముగిసే నెల వచ్చింది. ఇంకో పద్దెనిమిది రోజులు. సరిగ్గా ఆ నెలలోనే కాలేజీలో స్ఫటికాల పాఠం చెప్పే లెక్చరరు ఒకామె నమూనాల గదికి వచ్చింది. ముప్పై దాటి ఉండదు, భుజాన సంచి, చేతిలో కెమెరా. ఉప్పు రవ్వలో అణువులు ఎలా పేర్చుకుంటాయో పిల్లలకి చెప్పాలంటే గుడ్డల మీద చూపిస్తే తేలిగ్గా ఎక్కుతుందని, కొన్ని ఫొటోలు తీసుకుంటానని అడిగింది.

అయిదు బీరువాల సంగతి వినగానే లెక్చరరు కెమెరా పక్కన పెట్టేసింది.

"అయిదే అని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెబుతారమ్మా? ఆరోది రాలేదు. వస్తే చేయించేదాన్ని."

"మా పుస్తకాల్లోనూ అయిదే. వాటిని జాలకాలంటాం. మీరు ఇటుకన్నది, తేనెపట్టన్నది, అన్నీ ఉన్నాయి." ఆమె సంతోషం చూస్తే సొరుగులక్కకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఒక్కో సొరుగూ లాగి చూపించింది. ఎవరినీ ముట్టుకోనివ్వనిది, లెక్చరరు చేతికే ఇచ్చింది. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చి, తేనెపట్టు బీరువా దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి లెక్కపెట్టింది.

"పదహారున్నాయండీ. పదిహేడుండాలి."

"ఎందుకుండాలి?"

"నూరేళ్ళు దాటింది లెక్క కట్టి. తిప్పడం, అద్దం, జారుడు, ఇవన్నీ ఎన్ని విధాల కలిపినా గుడ్డ మీద పదిహేడే వస్తాయి. పద్దెనిమిది రావు, పదహారుతో ఆగవు." అంటూనే ఆమె చదరాల బీరువా మూడో సొరుగు లాగింది. అన్నం డబ్బా, కళ్ళజోడు పెట్టె, దువ్వెన. ఇద్దరూ కాసేపు వాటిని చూశారు.

"ఇక్కడుండాల్సిందే లేదు" అంది లెక్చరరు నవ్వు ఆపుకుంటూ. "పావు తిప్పు ఉంటుంది, అద్దమూ ఉంటుంది. కానీ అద్దం ఆ తిప్పే చోటు మీదుగా పోదు. పక్కనుంచి పోతుంది."

"అలాంటిది ఉండదమ్మా. తొమ్మిది వేలు చూసిన కళ్ళివి."

"గీసి చూపించనా?"

సంచిలోంచి ఒక కవరు తీసి దాని వెనక గీసింది. ఒక సుడి కుడికి, పక్కది ఎడమకి. కింద ఎడమకి, దాని పక్కన కుడికి. తర్వాత రెండు సుడుల మధ్య సందులో పెన్సిలు నిలబెట్టింది. "అద్దం ఇక్కడ. పువ్వు మీద కాదు, సందులో."

సొరుగులక్కకి అన్నయ్య గుడ్డ గుర్తొచ్చింది. కుర్చీ చేయి పట్టుకుంది. లెక్చరరు ఫొటోలు తీసుకుని, కృతజ్ఞతలు చెప్పి ఎప్పుడు వెళ్ళిందో ఆవిడకి సరిగ్గా గుర్తులేదు. మర్యాదకి టీ కూడా ఇవ్వలేదని సాయంత్రం వాళ్ళాయనతో అంది. అసలు సంగతి చెప్పకుండా ఆ టీ గురించే నాలుగుసార్లు అంది.

మర్నాడు పాత రిజిస్టరు తీసింది. పేజీ వెతకనక్కర్లేదు, అది ఎక్కడుందో చేతికి తెలుసు. గుడ్డ ముక్క రంగు వెలవలేదు. ఎర్ర సిరా మాత్రం కాస్త గోధుమరంగుకి తిరిగింది. అద్దం తీసి అలవాటు చొప్పున పువ్వు నడుమ పెట్టింది, సరిపోలేదు. మెల్లిగా పక్కకి జరిపి పువ్వుకీ అంచున తెగిన పువ్వుకీ మధ్య సందులో నిలబెట్టింది. కుడికి తిరిగే పువ్వు అద్దంలో ఎడమకి తిరిగింది. అద్దం తీసింది. అంచున ఎడమకి తిరిగే సగం పువ్వు అచ్చం అలాగే ఉంది, రేకుకి రేకు. మిగతా సగం తను కత్తిరించేసింది. పువ్వు నడుమకి రావాలని. అదే కత్తెర నాలుగు వేళ్ళు మూలగా జరిపి ఉంటే నాలుగు పువ్వులూ నిండుగా వచ్చేవి, సందు మధ్యలో ఉండేది, అద్దం ఎక్కడ పెట్టాలో గుడ్డే చెప్పేది. ఇరవై ఒక్కేళ్ళూ, నాలుగు వేళ్ళూ. ఆవిడ రిజిస్టరు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. తనంటే తనకి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

అన్నయ్యకి ముక్కతో చెబితే చాలదనుకుంది. అచ్చు కావాలి. పనికిరానివన్నీ గోడౌనులో ఒక మూల పోస్తారు. మూడు రోజులు పని అయ్యాక అక్కడ దుమ్ములో వెతికింది. ముక్కు కారింది, చీర పాడయింది, అచ్చు కనపడలేదు. నాలుగో రోజు తలుపు తీసి లోపలికి పోతుంటే, గాలికి తలుపు కొట్టుకోకుండా కింద అడ్డుపెట్టిన చెక్క కాలికి తగిలింది. బోర్లా ఉన్న దాన్ని వెనక్కి తిప్పింది. నాలుగు సుడులు, వాటి మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ. మూడు రోజులూ దాని మీదుగా దాటుకుంటూనే లోపలికి వెళ్ళింది.

దాన్ని చీరకొంగుతో తుడిచి, సంకన పెట్టుకుని, షెడ్డుకి వెళ్ళింది. అన్నయ్య కిటికీ కింద పీట మీద కూర్చుని ఒక అచ్చు పగులులో చెక్కపొడీ జిగురూ కలిపిన ముద్ద కూరుతున్నాడు. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది.

"నువ్వొచ్చావేంటే? కబురు పంపితే రానా? ఒంట్లో బాగానే ఉందా?"

ఆవిడ అచ్చుని ఆయన ముందు పెట్టింది. ఆయన చెయ్యి ఆగింది.

"ఇది ఇంకా ఉందా?"

"ఇది తప్పు కాదు అన్నయ్యా. నువ్వు చెక్కింది సరిగ్గానే ఉంది. తప్పు చూసింది నేను." దారిలో కూడబలుక్కున్న మాటలు అంతే. అద్దం తీసి రెండు సుడుల మధ్య సందులో నిలబెట్టింది. "ఇక్కడ చూడు. నేను పువ్వు మీద పెట్టి చూశాను. ఇక్కడ పెట్టాలి. నీ చక్రాల్లాగే. దీన్ని పెట్టడానికి నా దగ్గర సొరుగు లేదని నీదే తప్పని రాసేశాను."

ఆయన వంగి చూశాడు. అద్దాన్ని ఒక సందులోంచి ఇంకో సందులోకి మార్చి చూశాడు. నిలువు సందు, అడ్డం సందు.

"ఇన్నేళ్ళు కోపం కడుపులో పెట్టుకున్నావు. ఒక్కసారైనా తిట్టొచ్చు కదా నన్ను" అంది ఆవిడ.

"కోపమా? ఎవరి మీదే?"

"నా మీద. మెట్లెక్కలేదు కదా నువ్వు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "సిగ్గేసి ఎక్కలేదే. ఆ గదిలో నా తప్పు రాసుంది కదా, దాని ముందు నిలబడాలంటే కాళ్ళు వచ్చేవి కాదు. ఆ రోజు అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వు లెక్కచెయ్యలేదు నేను, వాళ్ళకేం తెలుసని. నువ్వు నవ్వలేదు. చూసి, తిప్పి, అద్దం పెట్టి, తప్పన్నావు. నువ్వన్నావంటే తప్పేననుకున్నాను. నమ్మేశానే. ఆ తర్వాత ఉలి పట్టుకుంటే చాలు, ఇది కుడా ఎడమా అని చెయ్యి ఆగిపోయేది. కాగితం అంటించేవాణ్ణి, పీకేవాణ్ణి, మళ్ళీ అంటించేవాణ్ణి. నేనే వెళ్ళి అడిగాను మేనేజర్ని, మరమ్మతు పని ఇప్పించండని."

ఆవిడ ఇన్నాళ్ళూ ఆయన రోషానికి సిద్ధపడింది గానీ దీనికి సిద్ధపడలేదు. అక్కడే చెక్కపొడిలో చతికిలబడి ఏడ్చింది. తన మాటని ఈ లోకంలో అందరికంటే ఎక్కువ నమ్మినవాడు ఆ మాట వల్లే చెడిపోయాడని తెలిశాక ఏడవక ఏం చేస్తుంది? ఆయన కంగారుపడి, "లేవే, చీరకి జిగురవుతుంది" అన్నాడు. తర్వాత తనూ పీట దిగి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

రిజిస్టరులో దిద్దాలంటే మేనేజరు సంతకం కావాలి. ఇప్పటి మేనేజరు కొత్తవాడు, కుర్రవాడు. "ఇరవై ఒక్కేళ్ళ కిందటి పేజీ అమ్మా. ఎవరు చూస్తారు దీన్ని?" అన్నాడు.

"నేను చూస్తాను సార్."

"అసలు ఇప్పుడు చెక్క అచ్చులు వేసేదే తక్కువ. మళ్ళీ వేస్తామని కూడా చెప్పలేను."

"వెయ్యమనలేదు సార్. పనికిరాదని రాసింది నేను. అది నా చేత్తోనే కొట్టెయ్యాలి."

ఆయన సంతకం పెట్టాడు. ఆవిడ ఎర్ర సిరా సీసా తెరిచి, పాత వాక్యం మీద ఒకే ఒక్క గీత గీసింది, అడుగున ఉన్న అక్షరాలు చదవడానికి వీలుగానే. కింద రాసింది: అచ్చు సరిగ్గానే ఉంది. చూసినవారిది తప్పు. చదరాలు, మూడో సొరుగు. చెక్కినవారు మా అన్నయ్య. ఆ రిజిస్టరులో ఎవరినీ వరసతో రాయకూడదు. మేనేజరు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

వాళ్ళాయన రంగుల గదిలో ఇద్దరు పనివాళ్ళని బతిమాలి, అచ్చు మీద ఎర్ర ఇంటూ గీకించి, రెండు గజాల గుడ్డ మీద నీలం రంగుతో వేయించాడు. అన్నయ్య ఆఖరి పనిరోజున మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ వచ్చింది చప్పుడు. ఆయన గుమ్మంలో నిలబడి ముందు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత తను చేసిన బీరువాలని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. ఒక సొరుగు కాస్త బిగిసిందని, మైనం రుద్దమని చెప్పాడు.

బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ, బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి ఒకదాన్ని ఒకటి తిప్పుకుంటున్నట్టే ఉన్నాయి. ఆయన ఒక్క పువ్వుని వేలితో ముట్టుకుని తీసేశాడు. "బాగానే ఉంది కదే" అన్నాడు. తనని తనే అడుగుతున్నట్టుంది ఆ మాట.

ఆవిడ కత్తెర అందుకుంది. పువ్వు నడుమకి కాకుండా సందు నడుమకి వచ్చేలా కొలిచి, జానెడు ముక్క కత్తిరించింది. చదరాల బీరువా మూడో సొరుగు లాగి, కళ్ళజోడు పెట్టె తీసింది, దువ్వెన తీసింది, అన్నం డబ్బా తీసింది. అడుగున పడ్డ మెతుకులు తుడిచింది. ఆ ముక్కని అందులో పరిచి సొరుగు మూసింది. మూసిన సొరుగు మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

అన్నయ్య బల్ల మీద దిక్కులేకుండా నిలబడిన డబ్బాని చూశాడు.

"మరి ఇది ఎక్కడ పెట్టుకుంటావే?" అన్నాడు. "కొలత చెప్పు, ఇంటి దగ్గర చెక్క ఉంది. చిన్న సొరుగొకటి చేసిస్తాను."